చార్కోల్‌తో నాన్న బొమ్మ వేస్తే పెదనాన్నలా వచ్చింది, ఎక్కడ తప్పుతోంది?

కొత్తచేయి:

అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ ఈ బొమ్మల ఫోరంలో చదివి వెళ్లిపోవడమే తప్ప ఎప్పుడూ రాయలేదు. రెండు నెలల నుంచి చార్కోల్‌తో, అంటే బొమ్మలు వేసే బొగ్గుతో, మొహాలు వేయడం నేర్చుకుంటున్నాను. అంతకుముందు పెన్సిల్‌తో పూలూ, కప్పులూ, చెప్పుల జతలూ వేసేదాన్ని, చూసినవాళ్లు పర్లేదనేవాళ్లు. మొహాల దగ్గరికొచ్చేసరికి తేలిపోయాను.

మొన్న ఆదివారం నాన్న ఫోటో ఒకటి ముందు పెట్టుకుని నాలుగు గంటలు కదలకుండా కూర్చుని వేశాను. కళ్లు బాగా వచ్చాయి, రెప్పల వెంట్రుకలు కూడా విడివిడిగా వేశాను. ముక్కు విడిగా చూస్తే ముక్కే, పెదాలు విడిగా చూస్తే పెదాలే. అమ్మ చూసి "బాగుందే, మీ పెదనాన్నది వేశావా?" అంది. నాన్న ఏమీ అనలేదు. కళ్లజోడు పెట్టుకుని చూశారు, తీసి చూశారు, మళ్లీ పెట్టుకుని చూశారు, లేచి వెళ్లిపోయారు.

ఇంకో గొడవ ఏంటంటే బొమ్మ మొత్తం ఒకే బూడిద రంగు. ఎంత నల్లగా వేసినా వేలితో రుద్దగానే బూడిదైపోతోంది. నుదుటి మీద నా వేలిముద్ర ఒకటి పడింది, రబ్బరుతో తుడిస్తే ఇంకా నల్లబడింది. ఫోటో, బొమ్మ రెండూ పెట్టాను. మొహమాటం లేకుండా చెప్పండి, ఏడవను.

పాతఈజిల్:

మొహమాటం వద్దన్నారు కాబట్టి అడుగుతున్నాను. ఆ నాలుగు గంటల్లో మొదటి గంట ఏం చేశారు?

కొత్తచేయి:

ఎడమ కన్ను పూర్తి చేశానండి. రెండో గంటలో కుడి కన్ను.

పాతఈజిల్:

అనుకున్నాను. అందరం అక్కడే మొదలుపెడతాం, మనిషి ఎదురుపడితే చూసేది కళ్లలోకే కదా. కానీ ఒక కన్ను అంత శ్రద్ధగా పూర్తి చేశాక దాన్ని కదపడానికి చేయి రాదు. గంట కష్టం మరి. దాంతో మిగతా మొహమంతా ఆ ఒక్క కంటికి సర్దుకుంటూ పోవాలి. ముక్కు రెండు మిల్లీమీటర్లు కిందికి జారిందనుకోండి, పెదాలు ఇంకో రెండు, గడ్డం దగ్గరికి వచ్చేసరికి కాగితం మీద ఉన్నది ఇంకొకరి దవడ. మీ విషయంలో పెదనాన్నగారి దవడ. అన్నదమ్ముల్లో ఒకరి దగ్గర ఆగారంటే మరీ దూరంలో లేరనే అర్థం, కంగారు పడకండి.

మీ ఫోటో, బొమ్మ పక్కపక్కన పెట్టి కొలిచాను. ఫోటోలో నడినెత్తి నుంచి గడ్డం చివరి దాకా తీసుకుంటే కళ్లు ఇంచుమించు సగంలో ఉన్నాయి. పెద్దవాళ్ల తల ఎదురు నుంచి చూస్తే ఎవరికైనా దాదాపు అంతే. మీ బొమ్మలో కళ్లు పైకి ఎక్కిపోయాయి, నుదురు పైన ఇంకా బోలెడు తల ఉంటుందన్న సంగతి మర్చిపోయారు. పైన చోటు తగ్గింది కాబట్టి కింద మిగిలిన చోటంతా ముక్కూ గడ్డమూ పంచుకున్నాయి. పొడుగు మొహం వచ్చింది.

వీధి చివర నుంచి నాన్న నడిచి వస్తుంటే ఎలా గుర్తుపడతారు? అంత దూరం నుంచి రెప్పల వెంట్రుకలు కనిపించవు, అసలు కళ్లే కనిపించవు. కనిపించేది తల ఆకారం, కంటి గుంటల్లో రెండు నల్ల మచ్చలు, ముక్కు కింద ఒకటి, కింది పెదవి కింద ఒకటి, దవడ కింద పెద్ద నీడ. అయినా గుర్తుపడతారు. పోలిక అక్కడ ఉంది. అది కుదిరాక కన్ను కాస్త అటూ ఇటూ అయినా నాన్నే, అది కుదరకపోతే ఎంత అందమైన కన్ను వేసినా పెదనాన్నే.

ఈసారి కాగితం మీద తల పైన ఎక్కడ, కింద ఎక్కడ అని రెండు గుర్తులు పెట్టండి. వెడల్పు చూసుకోండి. కళ్లు సగం మూసి చూస్తూ ఆ నీడలు మాత్రం పెట్టండి, చార్కోల్ పుల్లని నిలువుగా కాకుండా పక్కకి పడుకోబెట్టి. మొదటి ఇరవై నిమిషాలు కంట్లో నల్లగుడ్డు అన్నదే వేయొద్దు.

మసిచేయి:

బూడిద సంగతి నేను చెప్తాను. మీరు వాడింది ఒక్క చార్కోల్ పెన్సిలేనా? చూస్తే అలాగే ఉంది.

చార్కోల్ అని ఒకే పేరు పెట్టారు గానీ రెండూ రెండు వేరే వస్తువులు. విల్లో, వైన్ అని దొరికే సన్నటి పుల్లలు ఉంటాయి చూడండి, అవి కొమ్మల్ని గాలి తగలకుండా కాల్చి చేసినవి. అందులో జిగురేమీ ఉండదు. కాగితం మీద ఊరికే కూర్చుంటుంది, గుడ్డతో దులిపితే చాలావరకు పోతుంది. రెండోది కంప్రెస్డ్, పొడిలో జిగురు కలిపి ఒత్తి చేసింది, బాగా నల్లగా పడుతుంది గానీ పడ్డాక వదలదు. చార్కోల్ పెన్సిల్ లోపల ఉండేది కూడా మామూలుగా ఈ రెండో రకమే. అంటే మీరు తప్పులు చేసే దశలో తప్పులు చెరగని వస్తువు పట్టుకున్నారు. మొదట్లో అంతా మెత్తటి పుల్లతో వేసి, ఎక్కడ ఏముందో ఖాయమయ్యాక చివర్లో, ముక్కు రంధ్రం, కనుపాప, చెవి లోపలి మడత లాంటి నాలుగైదు చోట్ల మాత్రం కంప్రెస్డ్ పెట్టండి. అప్పుడు నలుపు నలుపులా ఉంటుంది.

ఇక వేలు. ఎంత కడుక్కున్నా వేలికి జిడ్డు ఉంటుంది. అది కాగితానికి అంటుకుంటే బొగ్గు అక్కడ మచ్చలా పట్టేస్తుంది, ఇక రబ్బరుకి రాదు. మీ నుదుటి మీద జరిగింది అదే. అక్కడ రుద్దే కొద్దీ లోపలికి దిగుతుంది. నీడెడ్ ఇరేజర్ అని దొరుకుతుంది, బంకమట్టిలా నలుపుకోవచ్చు. దాంతో రుద్దకూడదు, అద్ది లేపాలి. మొన చేసుకుంటే కంట్లో మెరుపు చుక్క కూడా దాంతోనే తీయొచ్చు.

కాగితం ఏది? ప్రింటర్‌లో పెట్టే నున్నటి కాగితమైతే మీరు ఏం చేసినా నలుపు నిలవదు, పొడి పట్టుకోవడానికి కాస్త గరుకు ఉండాలి.

గీతలగది:

వేలితో రుద్దకూడదన్నది నేను ఒప్పుకోను. పదేళ్లుగా బుగ్గలు చూపుడువేలితోనే కలుపుతున్నాను, వేలికి తెలిసినంత ఒత్తిడి కాగితాన్ని పుల్లలా చుట్టి రుద్దడానికి చేసే ఆ స్టంప్‌కి తెలియదు. నిజం చెప్పాలంటే స్టంప్‌తో రుద్దిన బొమ్మలన్నీ ప్లాస్టిక్ బొమ్మల్లా ఉంటాయి నాకు.

మసిచేయి:

పదేళ్ల చేయి వేరు, రెండు నెలల చేయి వేరు గీతలగది గారూ. మీరు ఎక్కడ ఆపాలో తెలిసి రుద్దుతారు. కొత్తవాళ్లు నీడ అంచు కనిపించగానే దాన్ని చెరిపేదాకా రుద్దుతారు. ఆవిడ బొమ్మలో ముక్కు పక్క నీడకి అంచే లేదు, పొగమంచులో తీసిన ఫోటోలా ఉంది. ముక్కు బుగ్గ మీద వేసే నీడకి అంచు ముక్కు దగ్గర పదునుగా ఉంటుంది, బుగ్గ వంపు తిరిగే చోట నీడ నెమ్మదిగా కరిగిపోతుంది. రెండిటినీ ఒకేలా రుద్దితే మొహంలో ఎముక లేకుండా పోతుంది.

గీతలగది:

ఆ మాట నిజం. అంచుల గురించి అయితే నాకు పేచీ లేదు. వేలి గురించి మాత్రం ఉంది.

అర్ధరాత్రి_బొమ్మ:

నేను గడులు గీసుకుని వేస్తాను, ఫోటో మీద గడులు, కాగితం మీద గడులు. పోలిక అచ్చుగుద్దినట్టు వస్తుంది. కొత్తచేయి గారూ, ఈ కొలతల గోల లేకుండా అలా చేసి చూడండి. కొంతమంది దాన్ని దొంగతనం అంటారు, పట్టించుకోకండి.

పాతఈజిల్:

దొంగతనం కాదు, ఎప్పటి నుంచో ఉన్న పద్ధతే. నా అభ్యంతరం వేరు. గడుల్లో వేసేటప్పుడు మీరు చూసేది గడిలో ఉన్న గీతని, మొహాన్ని కాదు. బొమ్మ వస్తుంది, మొహం మాత్రం చేతికి రాదు. రేపు ఎవరైనా ఎదురుగా కూర్చుంటే వాళ్ల మీద గడులు గీయలేం కదా. వారానికి ఒకటి గడులతో వేసుకోండి, మిగతావి కంటితో కొలవండి. చేయి పూర్తిగా చాచి, మోచేయి వంచకుండా, ఒక కన్ను మూసి, పుల్ల చివర నడినెత్తి దగ్గర పెట్టి బొటనవేలిని కంటి గీత దగ్గరికి జరపండి. ఆ కొలతని అలాగే కిందికి దించితే గడ్డం దాకా సరిపోతుందో లేదో తెలిసిపోతుంది. మోచేయి వంగితే మాత్రం కొలత అబద్ధం చెప్తుంది, మొదట్లో అందరికీ వంగుతుంది.

వెలుగునీడ:

ఎవరూ ఫోటో గురించి మాట్లాడట్లేదే. ఆ ఫోటో ఫ్లాష్‌తో తీసింది. ఎదురు నుంచి వెలుగు పడింది కాబట్టి మొహం మీద నీడలే లేవు, పాతఈజిల్ గారు చెప్పిన ఆ నాలుగు మచ్చలు వెతికినా దొరకవు. చార్కోల్‌కి ఇంతకంటే కష్టమైన ఫోటో ఉండదు. పైగా ఫోన్ మొహానికి బాగా దగ్గరగా పెట్టి తీసినట్టున్నారు, అలా తీస్తే ముక్కు ఉన్నదానికంటే పెద్దగా వస్తుంది, చెవులు వెనక్కి పోతాయి. దాన్ని మీరు నిజాయితీగా కాపీ చేశారు. సగం తప్పు కెమెరాది.

గదిలో మిగతా లైట్లన్నీ ఆపేసి ఒక్క దీపం పక్కన, తలకి కొంచెం పైన పెట్టి, నాన్నగారిని కూర్చోబెట్టండి. ఫోటో తీసినా రెండు మీటర్ల దూరం నుంచి తీసి, తర్వాత కత్తిరించుకోండి.

కొత్తచేయి:

ఇన్ని జవాబులు వస్తాయనుకోలేదు, అందరికీ థాంక్స్. మసిచేయి గారు కనిపెట్టేశారు, ఒక్క పెన్సిలే, పైగా కాగితం ప్రింటర్‌దే. ఇంకో నేరం కూడా ఒప్పుకోవాలి, ముందు మామూలు పెన్సిల్‌తో అవుట్‌లైన్ గట్టిగా గీసి దాని మీద చార్కోల్ వేశాను. కొన్నిచోట్ల అసలు పట్టలేదు, జారిపోయింది.

మసిచేయి:

అది గ్రాఫైట్. నున్నగా మెరుస్తుంది, దాని మీద బొగ్గు నిలవదు. పైగా దీపం కింద పెడితే ఆ గీతలు వెండిలా మెరుస్తూ బయటపడతాయి. స్కెచ్ కూడా మెత్తటి పుల్లతోనే వేయండి, ఎలాగూ దులిపితే పోయేదే.

కొత్తచేయి:

(తొమ్మిది రోజుల తర్వాత)

రిపోర్ట్. విల్లో పుల్లలు, నీడెడ్ ఇరేజర్, గరుకు కాగితం వచ్చాయి. మొదటి రోజు మూడు పుల్లలు విరిచాను, పెన్సిల్ పట్టుకున్నట్టే పట్టుకుని నొక్కుతున్నాను మరి.

అద్దంలో చూసుకుంటూ నాదే అయిదు సార్లు వేశాను, ఒక్కోటి ఇరవై నిమిషాలు, కళ్లు లేకుండా. మొదటి మూడూ దయ్యాలు. నాలుగోదాన్ని ఫ్రిజ్ మీద ఆనించి గది అవతలి నుంచి చూస్తే ఒక్క క్షణం నేనే అనిపించింది! దగ్గరికి వెళ్తే మళ్లీ మసి మరకలు. ఇది నాకు వింతగా ఉంది, కళ్లే లేని మొహం నాలా ఎలా ఉంటుంది?

ఒక సందేహం. కళ్లలో తెల్ల భాగం కాగితం తెలుపు అలాగే వదిలేస్తే భయపడి చూస్తున్నట్టు వస్తోంది. అందరికీ అంతేనా?

వెలుగునీడ:

తెల్లగుడ్డు అని పేరు పెట్టారు కాబట్టి తెల్లగా వేస్తాం, అదే చిక్కు. అది గుండ్రటి బంతి, పైన రెప్ప ఉంది, రెప్ప నీడ దాని మీద పడుతుంది. అద్దంలో చూసుకోండి, చాలాసార్లు మీ బుగ్గ మీద వెలుగు పడ్డ చోటు కంటే మీ కంటి తెలుపు ముదురుగా ఉంటుంది. పళ్లూ అంతే. పళ్ల మధ్య గీతలు గీశారంటే మనిషి పళ్లు కొరుకుతున్నట్టే. జుట్టూ అంతే, వెంట్రుకలుగా చూడకండి, ముందు ఒక నల్లటి ముద్ద, అందులో వెలుగు పడ్డ చోటు ఇరేజర్‌తో లేపడం, అంచున నాలుగు పోగులు. చాలు.

పాతఈజిల్:

కళ్లు లేకపోయినా మీలా ఉండటానికి కారణం మీరే కనిపెట్టారు, గది అవతలి నుంచి చూశారు. ప్రతి పది నిమిషాలకీ లేచి అలా వెనక్కి వెళ్లండి. ఇంకోటి, బొమ్మని అద్దంలో చూడండి. ఎడమ కుడి తిరగబడగానే మన కంటికి అలవాటైపోయిన వంకరలన్నీ ఒక్కసారిగా కనిపిస్తాయి. నాకు ఇప్పటికీ ఒక కన్ను పైకి పోతుంది, అద్దం చూపించేదాకా నేను నమ్మను.

ఇరవై నిమిషాలు తక్కువేమో అనుకోకండి. అమెరికన్ చిత్రకారుడు జాన్ సింగర్ సార్జెంట్ 1907 ప్రాంతంలో ఆయిల్ పోర్ట్రెయిట్లు దాదాపు మానేశాడు. ఆ తర్వాత అడిగినవాళ్లకి ఎక్కువగా చార్కోల్ తలలే వేసిచ్చేవాడు, చాలావరకు ఒక్క సిట్టింగ్‌లో, మూడు గంటల లోపు. ఎక్కడైనా దొరికితే వాటిలో కాలర్ ఎలా వేశాడో చూడండి, రెండు మూడు గీతలు, అంతే. అలాగే జర్మన్ చిత్రకారిణి కేథె కోల్విట్జ్ 1933లో తన బొమ్మ తానే వేసుకుంది, పక్క నుంచి కనిపించే మొహం, చేతిలో బొగ్గు. మొహం అంతా జాగ్రత్తగా వేసి, చేతిని మాత్రం వంకరటింకరగా బర్రున గీసిన మందపాటి గీతలతో వదిలేసింది. మీ మొదటి బొమ్మలో చొక్కా గుండీల రంధ్రాలు కూడా వేశారు, గుర్తుందా.

కొత్తచేయి:

గుండీల సంగతి ఎత్తొద్దండి, అరగంట పట్టింది.

అర్ధరాత్రి_బొమ్మ:

ఈ చర్చ చదివి గడులు పక్కన పెట్టి మా చెల్లిని ఎదురుగా కూర్చోబెట్టి వేశాను. ఘోరంగా వచ్చింది. రెండేళ్లుగా వేస్తున్నాను, దవడ ఎక్కడ మలుపు తిరుగుతుందో నాకు తెలియదని నిన్నే తెలిసింది. పాతఈజిల్ గారూ, మీ మీద కోపంగా ఉంది, కానీ మళ్లీ వేస్తాను.

గీతలగది:

ఆండ్రూ లూమిస్ అనే చిత్రకారుడు చెప్పిన తల గీసే పద్ధతి ఒకసారి చూడు. ఒక బంతి, రెండు పక్కలా కొంచెం చెక్కేసినట్టు, దానికి ముందు దవడ తగిలించడం. తల ఎటు తిప్పినా కనుబొమల గీత బంతి చుట్టూ ఎలా తిరుగుతుందో అర్థమవుతుంది. దానికే అతుక్కుపోతే మాత్రం అన్ని మొహాలూ ఒకే మొహంలా వస్తాయి, అది అస్థిపంజరం వరకే.

కొత్తచేయి గారూ, బొమ్మ బాగా వచ్చినరోజు ఫిక్సేటివ్, అంటే పొడి రాలకుండా పట్టి ఉంచే స్ప్రే, కొట్టాలని చేయి దురద పెడుతుంది. నేను ఒకసారి అలాగే ఆనందంలో డబ్బా దగ్గరగా పెట్టి నొక్కాను, మొదటి విసురే నుదుటి మీద చుక్కలు చుక్కలుగా పడింది, అద్ది తీద్దామని గుడ్డ పెట్టాను, కనుబొమ కూడా వచ్చేసింది. మూడు రోజుల పని. కాబట్టి ఆరుబయటో కిటికీలు తీసో, ఓ అడుగు దూరం నుంచి, స్ప్రే కాగితం బయట మొదలుపెట్టి కాగితం బయటే ఆపండి, పల్చగా రెండు మూడు సార్లు. బొమ్మ కొంచెం ముదురుతుంది, సున్నితమైన వెలుగులు కొన్ని తగ్గుతాయి, ముందే అనుకుని ఉండండి. ముందు పనికిరాని కాగితం మీద ప్రయత్నించండి.

మసిచేయి:

కాగితం మీది పొడిని నోటితో ఊదకండి, అదంతా గాల్లోకి లేచి మళ్లీ మీ ముక్కులోకే వస్తుంది, పైగా ఉమ్మి చుక్క పడితే అక్కడ మచ్చ ఖాయం. బోర్డుని కాస్త ముందుకు వంచి వెనక నుంచి తట్టండి. నేల తడిగుడ్డతో తుడవండి. మా ఇంట్లో ఇది చట్టం.

కొత్తచేయి:

(రెండు వారాల తర్వాత)

నిన్న రాత్రి నాన్నని కూర్చోబెట్టాను. టేబుల్ లైటు పక్కన స్టూలు మీద, మిగతావన్నీ ఆపేసి. మొదటి పది నిమిషాలు ఫోటో స్టూడియోలో కూర్చున్నట్టు బిగుసుకుపోయి కూర్చున్నారు, నేను కొలుస్తుంటే "అలా ఒక కన్ను మూసి చూడకే, భయమేస్తోంది" అన్నారు. కంటి గుంటలు, ముక్కు కింద నీడ, దవడ కింద నీడ పెట్టేసరికి తల మెల్లగా వాలడం మొదలైంది. నిద్రపోయారు.

ఏం చేయాలో తోచలేదు. లేపుదామనుకుని ఆగిపోయాను. గడ్డం ఛాతీ మీదికి దిగింది, కింది పెదవి కాస్త వదులైంది, దీపం వెలుగు నుదుటి మీద నిండుగా ఉంది, మొహం మిగతా సగం చీకటి. వేసిందంతా గుడ్డతో దులిపేసి (విల్లో పుల్లకి దండం) మళ్లీ మొదలుపెట్టాను. చీకటి సగంలో ఏమీ వేయలేదు, చెవి ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో కూడా వేయలేదు. కళ్లు మూసే ఉన్నాయి కాబట్టి నాకు ఇష్టమైన పనే లేకుండా పోయింది. రెండు వంపు నీడలు, అంతే. నలభై నిమిషాలు.

అమ్మ వంటింట్లోంచి వచ్చి నా వెనక నిలబడి చూసి, గొంతు తగ్గించి "మీ నాన్న ఇలాగే పడుకుంటారు" అంది. పెదనాన్న పేరు రాలేదు!

ఫోటో పెట్టాను. ముక్కు ఇంకా పొడుగ్గానే ఉందని నాకూ తెలుసు.

పాతఈజిల్:

ముక్కు పొడుగు కాదు. తల కిందికి వాలితే ముక్కు చివర పెదవి మీదికి వస్తుంది, అలాగే ఉండాలి. ముక్కు చివర వెలుగు చుక్క కొంచెం పెద్దదైంది, సగానికి తగ్గించండి. ఇంకేమీ ముట్టుకోవద్దు. దయచేసి ఆ చెవి జోలికి వెళ్లొద్దు.

గీతలగది:

బుగ్గ దేంతో కలిపారు?

కొత్తచేయి:

వేలితో. మసిచేయి గారికి చెప్పకండి.

మసిచేయి:

చూశాను. బుగ్గ బాగుంది. వేలి గురించి ఇంకేమీ మాట్లాడను.

కొత్తచేయి:

నాన్న పొద్దున చూసుకుని "నిద్రపోయేవాడి బొమ్మ వేయడమేంటి, మెలకువగా ఉన్నప్పుడు వేయి" అన్నారు. వచ్చే ఆదివారం మళ్లీ కూర్చుంటారట, కళ్లజోడుతో. ఈసారి నిద్రపోనని మాటిచ్చారు. కళ్లజోడు ఎలా వేయాలో ఎవరైనా చెప్పండి, ఫ్రేమ్ అంతా గీస్తే మొహానికి కిటికీ బిగించినట్టు వస్తోంది.

వెలుగునీడ:

ముందు కళ్లజోడు లేనట్టే మొహం వేసేయండి. తర్వాత ఫ్రేమ్ బుగ్గ మీద, ముక్కు మీద వేసే నీడ పెట్టండి. ఆ తర్వాత ఫ్రేమ్ నల్లగా కనిపించే చోట మాత్రమే గీత, మిగతా చోట తెంపేయండి, చూసేవాళ్ల కన్ను దాన్ని కలుపుకుంటుంది. అద్దం మీద మెరుపు ఇరేజర్ మొనతో ఒక్కసారి. ఇంకో మాట, మాటిచ్చారు గానీ నిద్రపోతేనే మీకు మంచిది, కదలరు.